జొన్నచేను, మొక్కజొన్నచేను – గుర్తించు విధము

ముసలి మర్రిచెట్లకు పేరుపొందిన బీజాపూరు మార్గమున హైదరాబాదు నుండి చేవెళ్లకు పోవునపుడు మొయినాబాదు మండలము తగులును. 1908లో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసిన పిమ్మట, అట్టి విపత్తు మరల రాకుండుటకై 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తిచేసిరి. ఈ రెండు జలాశయములకు చేరువలో నున్న గ్రామములలో హిమాయత్‌నగర్ ఒకటి. ఈ ప్రాంతమున ఎర్రని చల్కభూములు కలవు, నల్లరేగళ్లును కలవు. వానకాలమున ఒక చేనిలో మొక్కజొన్న, గట్టునకు ఆవలి చేనిలో జొన్న కనబడుట ఇక్కడి వారికి వింత కాదు.

నెల దినముల పైరును దారిమీద నుండి చూచి, ‘ఇది జొన్న, అది మొక్కజొన్న’ అని చెప్పుట సులభమని తోచును. కాని అనుభవజ్ఞులైన రైతులు సైతము దూరము నుండి చూచి పొరపడుదురు. ఈ పొరపాటు మాటవరుసకు వచ్చినదైన పెద్ద నష్టము లేదు. పశువులను తోలుకొని వచ్చిన కాపరి పొరపడినచో ఆవు ప్రాణము పోవచ్చును. పంట నమోదు చేయు అధికారి పొరపడినచో రైతు కష్టార్జితమునకు ధర లేకుండ పోవచ్చును. కలుపుమందు చల్లు కూలి పొరపడినచో చేనంతయు మాడిపోవచ్చును. గ్రామమున ఇట్టి చిక్కులు తలయెత్తినపుడు మొదట వచ్చి నిలుచువారు పంచాయతీ సభ్యులే. కావున ఈ రెండు పైరులను ఏ వయస్సులో ఏ గుర్తును బట్టి వేరుపరుపవలెనో సభ్యులందరు తెలిసికొనుట అవసరము. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. చేనిలోనికి దిగుటకు కాళ్లు, ఆకును తడవి చూచుటకు చేతివ్రేళ్లు ఉన్న చాలును.

పేరులోని చిక్కు

పొరపాటునకు మొదటి కారణము పేరులోనే యున్నది. మొక్కజొన్న పేరులో జొన్న కలదు. మన తెలంగాణములో దీనిని మక్కజొన్న యనియు, మక్కలనియు పిలుతురు. పొరుగున నున్న కన్నడిగులు జొన్నను జోళ మనియు, మొక్కజొన్నను మెక్కెజోళ మనియు అందురు. తమిళులకు జొన్న చోళము, మొక్కజొన్న మక్కాచోళము. ఇన్ని భాషలలో క్రొత్త పంటకు పాత పంట పేరే ఏల తగిలించిరి? తెలియని మొక్క ఊరికి వచ్చినపుడు తెలిసినదానితో పోల్చి పేరు పెట్టుట మనుష్యులకు అలవాటు. పోర్చుగీసువారును తమ దేశములోని చిరుధాన్యమునకు గల పేరునే మొక్కజొన్నకు పెట్టుకొనిరి.

జొన్న పుట్టినిల్లు ఆఫ్రికాఖండము. అది మన దేశమునకు వచ్చి కొన్నివేల సంవత్సరములైనది. మొక్కజొన్న పుట్టినిల్లు అమెరికాఖండములోని మెక్సికో దేశము. అక్కడివారు సుమారు 9 వేల సంవత్సరములకు పూర్వమే ఒక అడవిగడ్డి నుండి దానిని సాధించిరి. 1492లో కొలంబసు అమెరికాకు ఓడదారి కనుగొన్న తరువాతనే అది తక్కిన ప్రపంచమునకు వ్యాపించినది. పలనాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుడు చెప్పెనని ప్రసిద్ధమైన చాటువులు మనకు తెలిసినవే. ఆయన 15వ శతాబ్దివాడు. ఆనాటి పలనాట జొన్నయే కాని మొక్కజొన్న లేదు. మన తాత ముత్తాతల రొట్టె, సంకటి, అంబలి జొన్నవే. మొక్కజొన్న మన నేలకు క్రొత్త చుట్టము.

అయినను ఈ రెండును ఒకే గడ్డికుటుంబములోని దగ్గరి బంధువులే. అందుచేతనే లేతవయస్సులో అన్నదమ్ముల బిడ్డలవలె ఒకే పోలికలో నుండును. వయస్సు వచ్చినకొలది ఎవరి పోలిక వారిది యగును. వేరుపరచు గుర్తులను ఐదు దశలుగా తెలిసికొందము.

మొదటి దశ: విత్తనము

విత్తనము చేతిలో నున్నంతవరకు సందేహమునకు తావు లేదు. మొక్కజొన్న గింజ పెద్దది. పంటివలె బల్లపరుపుగా నుండి, ఒక కొన సన్నగిలియుండును. జొన్నగింజ చిన్నది, గుండ్రనిది. 1000 జొన్నగింజలు తూచినచో సాధారణముగా 25 నుండి 35 గ్రాములు తూగును. 1000 మొక్కజొన్న గింజలు 250 నుండి 300 గ్రాములు, ఒక్కొకచో అంతకు మించియు తూగును. అనగా ఒక మొక్కజొన్న గింజ సుమారు పది జొన్నగింజల యెత్తు.

ఈ కారణముచేతనే విత్తన మోతాదులోను భేదము వచ్చినది. ఎకరమునకు మొక్కజొన్న విత్తనము 7 నుండి 8 కిలోలు కావలెను. జొన్న 3 నుండి 4 కిలోలు చాలును. సంచుల విత్తనమునకు మందు పట్టించి రంగు పూయుదురు కావున రంగును బట్టి నిర్ణయింపరాదు. ఆకారమును, పరిమాణమును చూడవలెను.

రెండవ దశ: మొలక

మొలకెత్తిన నాటి నుండి మూడు వారముల వరకు రెండు పైరులును మిక్కిలి పోలియుండును. పొరపాటు ఎక్కువగా జరుగునది ఇప్పుడే. ఈ దశలో తిరుగులేని పరీక్ష ఒకటి కలదు. చేని నడుమ ఒక మొలకను వేరు తెగకుండ మెల్లగ మట్టితో పెకలించి, మట్టిని దులిపి మొదలు చూడవలెను. విత్తిన గింజ తొడుగు ఇంకను వేరునంటియే యుండును. అది బల్లపరుపుగా పెద్దదైనచో మొక్కజొన్న. చిన్నదై గుండ్రముగా నున్నచో జొన్న. ఆకును చూచి వాదములాడుటకంటె ఒక్క మొలకను పెకలించి చూచుట మేలు.

పెకలించుటకు రైతు సమ్మతింపనిచో ఆకును తడవి చూడవలెను. మొక్కజొన్న ఆకు పైభాగమున సన్నని నూగు వ్రేలికి తగులును. అంచు అలలవలె ముడుతలు పడియుండును. జొన్న ఆకు నునుపుగా నుండును. కాని దాని అంచును కొన నుండి మొదలువైపునకు మెల్లగ తడవినచో రంపపుపళ్లవలె గరుకు తగులును. గట్టిగా లాగినచో వ్రేలు కోసికొనిపోవును, జాగ్రత్త అవసరము.

సాళ్లను బట్టియు కొంత ఊహింపవచ్చును. మొక్కజొన్నను సాధారణముగా సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్లు ఎడముగా వేయుదురు. ఆ లెక్కన ఎకరమునకు సుమారు 33 వేల మొక్కలు. జొన్నను 45 సెంటీమీటర్ల సాళ్లలో 15 సెంటీమీటర్ల ఎడముగా వేసినచో ఎకరమునకు సుమారు 60 వేల మొక్కలు. కావున జొన్నచేను దట్టముగా కనబడును. పశువుల మేతకు చల్లిన జొన్న మరింత దట్టము. అయితే ప్రతి రైతును ఈ కొలతలనే పాటించునని చెప్పజాలము. ఇది ఊహకు సాయమే కాని నిర్ణయమునకు చాలదు.

మూడవ దశ: మోకాటి నుండి నడుమెత్తు పైరు

నెల దాటిన పైరులో మూడు గుర్తులు తేటపడును.

మొదటిది బూడిద. జొన్నకాడపైనను, కాడను చుట్టియున్న ఆకుతొడిమపైనను తెల్లని మైనపుపూత కట్టును. బొటనవ్రేలితో రాచినచో విభూతివలె వ్రేలికంటుకొని, రాచినచోట పచ్చదనము బయటపడును. మొక్కజొన్న కాడ ఇంతగా పొడికట్టదు.

రెండవది ఆకు వెడల్పు. మొక్కజొన్న ఆకు వెడల్పై, విల్లువలె వంగి వ్రేలాడును. జొన్న ఆకు అంతకంటె సన్నముగా, నిక్కపొడుచుకొని నుండును. దగాపడిన జొన్న ఆకుపై, అనగా పురుగు కొరికినచోట గాని తెగులు తగిలినచోట గాని, అనేక రకములలో ఎర్రని లేక ఊదారంగు మచ్చలు పడును.

మూడవది పిలక. జొన్న మొదలు నుండి పిలకలు లేచుట తరచు. మొక్కజొన్న సాధారణముగా ఒంటికాడ. పిలక వేసినను అరుదు. మొక్కజొన్న మొదట నేలకు పైన గల కణుపుల నుండి లావుపాటి ఊతవేళ్లు గొడుగుకమ్ములవలె నేలకు దిగును. జొన్నకును ఇట్టివి కొన్ని యుండును గాని మొక్కజొన్నకున్నంత బలముగా కనబడవు.

నాలుగవ దశ: పూత

పూత వచ్చిన తరువాత పసిపిల్లవాడును చెప్పగలడు. జొన్నకు తలపైననే కంకి. ఆ కంకిలోనే పూత, ఆ కంకిలోనే గింజ. మొక్కజొన్నకు మగపూత వేరు, ఆడపూత వేరు. తలపైన చీపురుకట్టవలె విచ్చుకొనునది మగపూత. దానిలో పుప్పొడియే కాని గింజ లేదు. కాడ నడుమ, ఆకు చంకలో, పొరల నడుమ దాగి పుట్టునది పొత్తు. దానినే కొందరు కండె యనియు, బుట్ట యనియు పిలుతురు. పొత్తు కొనను పట్టుదారములవలె వ్రేలాడు పీచు ఆడపూతలోని భాగము. ఒక్కొక్క పీచుపోగు ఒక్కొక్క గింజకు సంబంధించినది. పుప్పొడి ఏ పోగునకు అందదో ఆ గింజ కట్టదు. పూతవేళ వాన లేక ఎండినచో పొత్తులలో అక్కడక్కడ గింజలు లేక బోసిగా నుండుటకు కారణ మిదియే.

ఐదవ దశ: కోత తరువాత

ఈ దశను చాలమంది మరచిపోవుదురు. పంట కోసిన చేనిలో మోళ్లే మిగులును. వాన పడగానే జొన్నమోడు మరల చిగురించి పచ్చని పిలకలు వేయును. మొక్కజొన్నమోడు ఎండి చచ్చిపోవును. కావున కోసిన చేనిలో మోడు మొదటినుండి క్రొత్త పిలకలు లేచినచో అది జొన్న యని తలచి పశువులను ఆపవలెను. ఏల ఆపవలెనో ఇక చెప్పెదము.

నాము – పశువునకు ప్రాణగండము

లేతజొన్న మేసిన పశువునకు కలుగు ఆపదకు మన పెద్దలు ‘నాము’ అని పేరు పెట్టిరి. వారు దీనికి కారణమును రసాయనశాస్త్రమున చదువలేదు గాని, ఏ చేనిలోనికి పశువును తోలరాదో ఎరిగియుండిరి.

జొన్న లేతాకులో ధుర్రిన్ అను పదార్థము కలదు. ఆకు చెక్కుచెదరకున్నంతవరకు అది హాని చేయదు. పశువు నమలగానే ఆకులోని మరియొక పదార్థముతో అది కలిసి, హైడ్రోసయానిక్ ఆమ్లము అను ఘోరవిషము వెలువడును. ఈ విషము శరీరకణములు ప్రాణవాయువును వాడుకొనకుండ అడ్డుపడును. రక్తములో ప్రాణవాయువున్నను శరీరమున కది అందదు. అందుచేతనే నాము తగిలిన పశువు రక్తము కాంతివంతమైన ఎరుపుగా నుండును. నెమరువేయు పశువులకు ఈ బాధ అధికము.

పశువు ఆయాసపడుట, నోట చొంగ కార్చుట, వణకుట, తూలుట, పడిపోయి కాళ్లు కొట్టుకొనుట దీని లక్షణములు. మేసిన కొలది నిమిషములలోనే ఇవి కనబడవచ్చును. ఆలస్యమైనచో ప్రాణము దక్కదు.

విషము అధికముగా నుండు సందర్భములు నాలుగు. ఒకటి, పూతకు రాని లేతపైరు; ముఖ్యముగా మోకాటి ఎత్తులోపు పైరు. రెండు, వాన లేక వాడి గిడసబారిన పైరు. మూడు, కోసిన మోళ్ల నుండి వాన తరువాత లేచిన పిలకలు. నాలుగు, యూరియా విస్తారముగా వేసిన పైరు. బెట్ట తరువాత వాన పడి చిగురించిన చేను కంటికి పచ్చగా, పశువునకు రుచిగా నుండును. దానినే మిక్కిలి నమ్మరాదు.

సగము పూత వచ్చిన తరువాత జొన్నను కోసి మేపవచ్చును. పచ్చిగా నున్నదానిని బాగుగా ఎండబెట్టినచో విషము చాలవరకు ఆవిరియై పోవును. అందుచేతనే జొన్నచొప్ప మన పశువులకు తరతరములుగా మంచిమేత యైనది. సగము వాడిన ఆకును ఎండినదని భ్రమపడి వేయరాదు. పండిన జొన్నగింజలకు ఈ భయము లేదు. జొన్నరొట్టె తినువారు నిశ్చింతగా తినవచ్చును.

మొక్కజొన్నలో ఈ నాము బాధ లేదు. లేతమొక్కజొన్నను పశువులు మేసినచో చేను పాడగును గాని ఈ విషముచేత పశువు చావదు. అయితే యూరియా అధికముగా వేసి, బెట్టకు గురియైన మొక్కజొన్నలో నైట్రేటు అను వేరొక హానికర పదార్థము పేరుకొనవచ్చును. కావున ఎండకు వాడిన మొక్కజొన్నను సైతము ఒక్కసారిగా కడుపునిండ మేపుట మంచిది కాదు.

ఒక ఉదాహరణము చూడుడు. గట్టునకు ఇరువైపుల రెండు చేలు కలవనుకొందము. ఒకటి మొక్కజొన్న, రెండవది జొన్న. రెండింటిని కోసివేసిరి. పది దినములకు మంచి వాన కురిసినది. మక్కచేనిలో ఎండుటాకులు మేసి వచ్చిన మంద మరునాడు గట్టు దాటి జొన్నచేనిలోనికి పోయినది. కాపరి చిన్నవాడు, వానికి రెండును కోసిన చేలే. నిన్న మేసిన పశువునకు ఏమియు కాలేదు గదా యని వాడు ధైర్యముగా నుండును. గట్టు ఈవలికిని ఆవలికిని గల భేద మెరుగకపోవుటయే ఇచట ప్రాణాపాయము. ఒక పాడిపశువు పోయినచో చిన్న రైతునకు ఇంటి వెచ్చము గడచు మార్గమే పోయినట్లు.

నాము తగిలినట్లు తోచినచో వెంటనే మందను ఆ చేనినుండి మరల్చవలెను. పశువైద్యునకు కబురంపవలెను, సంచార పశువైద్యశాల కొరకు 1962 సంఖ్యకు ఫోను చేయవలెను. పశువైద్యుడు సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు అను మందులను నరమునకు ఎక్కించును. ఇవి వైద్యుని చేతనే జరుగవలసిన పనులు. పశువు ఏమి మేసినదో సరిగా చెప్పగలిగినచో వైద్యునకు సగము పని తీరినట్లే. ‘ఏదో గడ్డి మేసినది’ అని చెప్పినచో విలువైన నిమిషములు పోవును.

సజ్జను గూర్చి ఒక మాట

లేతవయస్సులో సజ్జపైరును కూడ జొన్న యని పొరపడుదురు. సజ్జ మొలకను పెకలించి చూచినచో గింజ జొన్నకంటె చిన్నదై, నీలిబూడిద రంగున నుండును. సజ్జకు పిలకలు విస్తారము. కణుపుల వద్ద నూగు కనబడును. కంకి కొవ్వొత్తివలె నిడుపుగా, గుండ్రముగా, గింజలు క్రిక్కిరిసి యుండును. సజ్జలో జొన్నకున్న నామువిషము లేదు. కావున పచ్చిమేత కొరకు రైతు సలహా అడిగినచో ఈ భేదము చెప్పదగినది.

ఇందుకు మారుగా, పలుమార్లు కోయుటకై వేయు మేతజొన్నలును, సూడాను గడ్డియు జొన్నజాతివే. వాటి పేరులో ‘గడ్డి’ యని యున్నంతమాత్రమున లేతగా మేపరాదు.

పంట నమోదు – రైతునకు ధనగండము

ప్రతి కారులోను ఏ రైతు ఏ సర్వేనంబరులో ఎన్ని ఎకరములు, ఎన్ని గుంటలు ఏ పంట వేసెనో వ్యవసాయ విస్తరణాధికారులు నమోదు చేయుదురు. పంట చేతికి వచ్చి, మద్దతుధరకు కొనుగోలు కేంద్రమునకు తెచ్చినపుడు ఈ నమోదు అక్కరకు వచ్చును. వ్రాతలో ఒక పంట, బండిలో ఒక పంట యైనచో రైతు కార్యాలయముల చుట్టు తిరుగవలసి వచ్చును.

ధరలలోని భేదమును చూడుడు. 2025-26 వానకాలపు పంటలకు కేంద్రప్రభుత్వము ప్రకటించిన మద్దతుధర క్వింటాలుకు సంకరజొన్నకు 3,699 రూపాయలు. మాల్దండి జొన్నకు 3,749 రూపాయలు. మొక్కజొన్నకు 2,400 రూపాయలు. సజ్జకు 2,775 రూపాయలు. సంకరజొన్నకును మొక్కజొన్నకును క్వింటాలుకు 1,299 రూపాయల వ్యత్యాసము. పది క్వింటాళ్లు పండించిన రైతునకు 12,990 రూపాయలు. ‘మక్కజొన్న’ అని రైతు చెప్పిన మాటలో చివరి ‘జొన్న’ మాత్రమే వినబడి ‘జొన్న’ అని వ్రాసికొన్నను, ‘జొన్న’ అని చెప్పగా ‘మక్కజొన్న’ అని వ్రాసికొన్నను చిక్కే. కావున నమోదు వేళ పేరు చెప్పుటతో తృప్తిపడక చేను చూపుట మంచిది.

మరియొక భేదము కలదు. జొన్న, సజ్జ, తైదలు, కొర్రలు మొదలగువాటిని చిరుధాన్యములందురు. భారతదేశపు ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది ఈ పంటల కొరకే. మొక్కజొన్న చిరుధాన్యము కాదు. చిరుధాన్యములకని ఏదైన విత్తన సహాయము వచ్చినపుడు ‘మాదియు జొన్నయే గదా’ యని మొక్కజొన్న రైతు వాదింప వీలు లేదు. ఆ సంగతి ముందే చెప్పుట సభ్యుల ధర్మము.

మందుల విషయమున జాగ్రత్త

మొక్కజొన్నచేలలో కలుపు చంపుటకు వాడు టెంబోట్రయోన్ వంటి మందులు కొన్ని జొన్నకు హాని చేయును. కలుపును చంపి మొక్కజొన్నను విడిచిపెట్టు మందు జొన్నను విడిచిపెట్టదు. కావున కూలి యెత్తుకొనిన మందు ఏ పైరునకు ఉద్దేశింపబడినదో సీసాపై చదివి, చేను ఏదో చూచి, పిమ్మటనే చల్లింపవలెను.

పురుగులలోను భేద మున్నది. మొలక జొన్నలో మొవ్వుఈగ చేరినచో నడిమి మొవ్వు ఎండిపోవును. మొక్కజొన్నకు నేడు పెద్ద శత్రువు కత్తెరపురుగు. ఇది 2018లో మొదట కర్ణాటకములో కనబడి దేశమంతట వ్యాపించినది. ఈ పురుగు జొన్నను కూడ తినును. పైరు పేరు తప్పు చెప్పి దుకాణమున మందు కొన్నచో డబ్బును పోవును, అదనును పోవును.

పంచాయతీ చేయదగిన పనులు

ఈ తెలివి పుస్తకములో నుండి లాభము లేదు, ఊరిలో నుండవలెను. అందుకు వ్యయము లేని పనులు నాలుగు కలవు.

1. వానకాలపు మొదటి వానలు పడిన తరువాతను, జొన్న కోసిన పిమ్మట వాన కురిసిన తరువాతను, ‘లేతజొన్నలోనికి, జొన్నమోళ్లలోనికి పశువులను తోలరాదు’ అని ఊరిలో చాటింపు వేయింపవలెను. చాటింపు పెద్దలకే కాక పశువులు కాచు పిల్లలకును చేరునట్లు చూడవలెను.

2. ఏ దిక్కున ఏ ఏ చేలలో జొన్న వేసినారో వార్డుసభ్యులు తమ తమ వార్డుల రైతులనడిగి తెలిసికొని, కాపరులకు చెప్పియుంచవలెను.

3. పంట నమోదు వేళ సంబంధించిన వార్డుసభ్యుడు చేని వద్ద నుండవలెను. సందేహమున్నచో మొలకను పెకలించి చూపవలెను. నమోదు ముగిసిన పిమ్మట పేరులను రైతులకు చదివి వినిపింపుమని కోరవలెను.

4. పాఠశాలలో ఉపాధ్యాయుల సాయముతో మూడు సీసాలలో మొక్కజొన్న, జొన్న, సజ్జ గింజలుంచి, ప్రక్కన మూడు మట్టిమూకుళ్లలో వాటి మొలకలు పెంచి, పిల్లలకు చూపవలెను. నేర్చుకొనిన పిల్లవాడు ఇంటిలో తాతకు సైతము చెప్పును.

ఇంకను లోతుగా తెలిసికొనగోరు వారికి మార్గము దూరము కాదు. చిరుధాన్యములపై పరిశోధన చేయు భారతీయ చిరుధాన్య పరిశోధన సంస్థ రాజేంద్రనగరులోనే కలదు. జొన్న మొదలగు మెట్టపంటలపై పనిచేయు అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ 1972 నుండి పటాన్‌చెరులో కలదు. రెండును మొయినాబాదు ప్రాంతమునకు ఒక పూటలో పోయిరాదగినంత దూరములోనివే.

అభ్యాసము

ఈ పాఠము చదివిన సభ్యులు తమలో తాము ఈ ప్రశ్నలు వేసికొని, సమాధానములను చేనిలోనే సరిచూచుకొనవలెను.

1. పదునైదు దినముల పైరును చూచి మీకును మీ తోటి సభ్యునకును భేదాభిప్రాయము వచ్చినది. ఏ పరీక్షతో తగవు తీర్తురు?

2. కాడపై బొటనవ్రేలితో రాచినపుడు తెల్లని పొడి అంటినది. అది ఏ పైరు? పశువులను తోలవచ్చునా?

3. కోసిన చేనిలో వాన తరువాత మోళ్లు చిగురించినవి. కాపరికి ఏమని చెప్పుదురు?

4. బెట్టకు వాడిన లేతజొన్నను కోసి, ఒక్కపూట ఎండలో ఉంచి పశువునకు వేయవచ్చునా? కారణమేమి?

5. రైతు ‘మక్కజొన్న’ అని చెప్పగా ‘జొన్న’ అని వ్రాసికొనిరి. దీనివలన రైతునకు ఎప్పుడు, ఎట్టి చిక్కు వచ్చును?

వీటికి తడబడక సమాధానము చెప్పగలిగిన సభ్యుడు రాబోవు వానకాలమున తన వార్డులోని ఒక పశువునైనను కాపాడగలడు, ఒక రైతు పేరు ముందు సరియైన పంటనైనను వ్రాయింపగలడు.